వదిన చేసిన ఫుట్‌రెస్టులు

పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక పల్లెలో ఆవుకు సూది వేసి చేతులు కడుక్కుంటుంటే అన్న ఫోన్ చేశాడు. "ఒరే, మీ వదిన పోయిందిరా" అన్నాడు. వెనక అమ్మ ఏడుపు వినిపించింది. ఆవు యజమాని నా ముఖం చూశాడు. నా మందుల పెట్టె తనే మోసుకొచ్చి బండికి కట్టాడు.

కడుపులో పుట్టిన జబ్బు ఆమెను తినేస్తోందని మాకు నెలల ముందే తెలుసు. తిరుపతి డాక్టర్లు దాచకుండానే చెప్పారు. అయినా పుంగనూరు దాకా ఆ రోజు బండి ఎలా నడిపానో నాకు గుర్తులేదు. వంగని నా కాలు మాత్రం, ఆమె చేసిన ఫుట్‌రెస్టు మీదే, కదలకుండా ఆని ఉంది.

మా వదిన పుట్టిల్లు శాంతిపురం పక్క పల్లె. వాళ్ల నాన్న గ్రానైట్ క్వారీలో కూలికి పోయేవాడు. కూతురు కుప్పంలో ఐటీఐ చేరి ఇనుము చెక్కే టర్నర్ కోర్సు తీసుకుంటానంటే, ఆయన వద్దనలేదట. "రాయి కంటే ఇనుమే మేలులే" అన్నాడట. ఆ తర్వాత కొన్నేళ్లు ఆమె తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు వైపు ఒక చిన్న ఫ్యాక్టరీకి పోయి వచ్చేది. పెళ్లయి పుంగనూరు వచ్చాక ఆ రైలు అందలేదు. ఉద్యోగం మానేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో మదనపల్లెలో మూతపడిన ఒక షాపు నుంచి ఇనుమును తిప్పుతూ కోసే పాత లేత్ మిషను కొనింది. టమాటాలు తోలే అన్న బండిలోనే అది మా ఇంటికి వచ్చింది.

అమ్మకు అది నచ్చలేదు. "కోడలు ఇంట్లో ఇనుము కోస్తా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?" అని మిషను దించుతుంటేనే అడ్డం నిలబడింది.

"ఏమన్నా అనుకోనీ అత్తా. బోరు మోటారు సెడితే ఆ నలుగురూ ఈడికే వస్తారు" అంది వదిన.

వచ్చారు. మోటార్ల బుష్షులు, ట్రాక్టర్ పిన్నులు పట్టుకుని వచ్చారు. వాకిట్లో ఇనుప రజను కాలికి గుచ్చుకుంటోందని తిడుతూనే, అమ్మ పాత స్పీకర్‌లోని అయస్కాంతం కర్రకు కట్టించుకుని పొద్దున్నే వాకిలంతా తిప్పేది. అల్యూమినియం తునకలు దానికి అంటుకునేవి కావు. "ఇది నీ మాదిరే మొండిది మే, మాటినదు" అని కోడలి మీద విసుక్కునేది. వదిన నవ్వేది. ఇద్దరికీ అది రోజూ ఉండే మాటే. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఆమె ఎత్తేది కాదు, మమ్మల్నీ ఎత్తనిచ్చేది కాదు.

ఫుట్‌రెస్టుల పని నా వల్లే మొదలయింది. నేను పశువైద్యశాలలో అసిస్టెంటును. రోజూ బండి మీద పల్లెలు తిరగాలి. ఒక సాయంత్రం మదనపల్లె రోడ్డులో లారీ నన్ను కొట్టేసింది. కుడి కాలికి రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది కానీ మోకాలు సగానికి మించి వంగడం లేదు. బండి ఎక్కితే ఆ కాలు పెట్టుకోవడానికి చోటు లేదు. బస్సులు, ఆటోలు పట్టుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. ఏ పల్లెకూ వేళకు చేరేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాణ్ణి. బండి మీద పట్ట కప్పేశాను.

ఒక ఆదివారం వదిన ఆ పట్ట లాగేసి, "రాప్పా, కూచో" అంది.

"ఎందుకు వదినా, అమ్మేద్దాం దాన్ని."

"అమ్మేటప్పుడు అమ్ముదువులే. ముందు కూచో."

నన్ను బండి మీద కూర్చోబెట్టి, కాలి కింద ఇటుకలు పేర్చుతూ, తీస్తూ, చెక్కముక్కలు జరుపుతూ పోయింది. "ఈడ బాగుండాదా? నొప్పి అణుచుకోని బాగుండాదని అనబాక" అని గదిమేది. చివరికి కాలు దానంతటదే తేలిగ్గా ఆనిన చోట సుద్దతో గుర్తు పెట్టింది. మొదట చేసిన జత మరీ కిందికి వచ్చి మలుపులో నేలకు గీసుకుంది. రెండోది నా బరువుకు కొంచెం వంగింది. రెంటినీ పాతసామాన్ల డబ్బాలో పడేసి, మళ్లీ మిషనులో కొత్త రాడ్డు బిగించింది. నేను ఊరుకోమంటే, "బండి కంపెనీవోళ్లకి నీ కాలు తెల్దు గదప్పా. మనకి తెలుసు. మనమే సేసుకోవాల" అంది. మూడోసారి కుదిరింది. బ్రేకు పెడల్ కూడా ముందుకు జరిపింది.

ఫుట్‌రెస్టు కుదిరింది కానీ నాకు ధైర్యం రాలేదు. బండి స్టార్టు చేసి ఆపేశాను. ఆమె చీర కొంగు దోపుకుని వెనక ఎక్కి కూర్చుంది.

"పోదాం పా. మదనపల్లెలో టీ తాగొద్దాం."

"పడితే?"

"పడితే ఇద్దరం పడతాం. ఒక్కడివే పడితే గదా బయం."

లారీ కొట్టిన చోటు దాటేటప్పుడు ఆమె చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. చెరువు కట్ట దాటాక తీసేసింది. ఆ రోజు మదనపల్లెలో తాగిన టీలో చక్కెర ఎక్కువైందని ఆమె టీ కొట్టువాడితో గొడవపడింది. నాకు మాత్రం అంత మంచి టీ మళ్లీ దొరకలేదు.

ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు వచ్చారు. పొట్టి కాళ్ల టీచరమ్మ, పక్షవాతం నుంచి లేచిన ఒక రైతు. ఏ జతా ఇంకో జతలాగా ఉండేది కాదు. అందరినీ ముందు బండి మీద కూర్చోబెట్టి, ఇటుకలు పేర్చేది.

కుప్పం నుంచి ఒకాయన వచ్చేనాటికి వదిన మంచం పట్టింది. ఆయన తల్లికి చక్కెర జబ్బుతో పాదాల్లో స్పర్శ పోయింది. బండి వెనక కూర్చుంటే కాలు జారినా ఆమెకు తెలియదు. ఒకసారి సైలెన్సర్ మీద మడమ కాలిపోయినా, ఇంటికొచ్చి పుండు చూసేదాకా తెలియలేదట. వదిన మంచం మీద నుంచే అంతా విని, వెడల్పుగా, చుట్టూ అంచు లేపి చెయ్యాలని చెప్పింది. చేద్దామని లేచి మిషను దాకా వచ్చి, నిలబడలేక గోడకు ఆనుకుంది.

"నువ్వు సేయప్పా, నేను సెప్తా" అంది అన్నతో.

అన్న ఆ మిషను ఏనాడూ ముట్టలేదు. ఆమెను పడుకోబెట్టి, గది తలుపు తీసిపెట్టి, మొదలుపెట్టాడు. ఆమెకు మంచం మీద నుంచి మిషను కనబడదు. చప్పుడే వినేది. "ఎక్కువ కోస్తాండావు, తగ్గించు." "ఇప్పుడు కోసే టూలు అరిగినాది, మార్చు." "ఆ, అట్లే పోనీ." అన్న కాస్త కోసి ఆపి, లోపలికి తల తిప్పేవాడు. "బాగుండాది, కానియ్" అని వినబడ్డాకే మళ్లీ స్విచ్చి వేసేవాడు. కొన్నిసార్లు ఆమెకు నొప్పి వచ్చి మాట వెంటనే వచ్చేది కాదు. అన్న కదలకుండా నిలబడేవాడు. ఒక్క జతకు చాలా రోజులు పట్టింది. మిషను ఆడుతున్నంతసేపూ మా ఇంట్లో ఆమె చనిపోబోతోందన్న సంగతి కాస్త దూరంగా ఉండేది.

కుప్పం ఆయన తల్లిని తీసుకొచ్చాడు. వదిన గది కిటికీకి ఎదురుగా బండి నిలబెట్టి బిగించారు. పెద్దామె ఎక్కి కూర్చుంది.

"అమ్మా, కాలు ఆనిందా?" అని వదిన లోపలి నుంచి అడిగింది.

"నాకెట్ల తెలస్తాది తల్లీ, నా కాళ్లకి ఏమీ తెల్దు గదా."

కొడుకు వంగి చూసి, "ఆనింది అక్కా. జారేదానికి లేదు" అన్నాడు.

"అయితే సాలు" అని వదిన కళ్లు మూసుకుంది. ఆ సాయంత్రం గంజి కాస్త ఎక్కువే తాగింది. ఆ తర్వాత వారం కూడా తిరక్కముందే వెళ్లిపోయింది.

దినాలు అయిపోయాయి. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. వాల్మీకిపురం నుంచి ఒక కాలు పొట్టిగా ఉన్న అమ్మాయిని వెంటపెట్టుకుని ఆమె తండ్రి వచ్చాడు. వదిన పోయిన సంగతి తెలియదు ఆయనకు. తెలిసి, గేటు దగ్గరే చెప్పులు విడిచి నిలబడిపోయాడు. వెనక్కి పోబోతుంటే అన్న పిలిచాడు. "రాప్పా. పిల్లను కూచోబెట్టు" అన్నాడు. ఇటుకలు తెచ్చింది అమ్మ.

మరుసటి రోజు పొద్దున అన్న గుడ్డ తీసి అల్యూమినియం రాడ్డు బిగించాడు. కాస్త కోశాడు. స్విచ్చి ఆపాడు. ఆపి, అలవాటుగా లోపలికి తల తిప్పాడు. మంచం తీసేసిన గది అది. నేను వాకిట్లో ఉన్నాను. అన్న అట్లాగే నిలబడి ఉన్నాడు. చేతి కింద రాడ్డు సగం తెల్లగా, సగం మసకగా ఉంది.

అప్పుడు అమ్మ, మిషను గురించి ఏమీ తెలియని మా అమ్మ, వంటింట్లోంచి గొంతు పెంచి అంది.

"బాగనే ఉండాదిలే నాయనా. కానియ్."

అన్న కళ్లు తుడుచుకోలేదు. స్విచ్చి వేశాడు. తెల్లటి అల్యూమినియం చుట్టలు చుట్టలుగా లేచి, ఆయన వట్టి పాదాల మీద పడసాగింది.