బిల్లు మీద ఎవరి పేరు

చలికాలంలో కరెంటు బిల్లుకి సాయం అడిగితే మస్కట్‌లో ఎవరైనా వింతగా చూస్తారు. ఇక్కడ బిల్లు భయమంతా మే నుంచి సెప్టెంబరు దాకా, ఏసీలు ఆగకుండా నడిచే నెలల్లోనే. డిసెంబరు వచ్చిందంటే కిటికీలు తెరుచుకుంటాం, బిల్లు సంగతి మరిచిపోతాం. ఊళ్ళో మేముండే దార్సైట్‌ పేటలో నలుగురం నడిపే చిన్న సాయనిధికి చందాలు కూడా ఎండాకాలంలోనే వస్తాయి. కానీ అప్పుడు కట్టలేక ఆపిన బాకీ చలికాలంలో మెడ మీదికొస్తుంది. ఈ సంగతి నాకు పోయిన జనవరి పదకొండున తెలిసింది.

ఆ పొద్దున మా వెనక బిల్డింగులో ఉండే కడప అమ్మాయి వచ్చింది. ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి చుట్టుపక్కల ఫ్లాట్లకి అమ్ముతుంది. భర్త లారీ డ్రైవరు. అతను పనిచేసే కట్టడం సైటు ఆగిపోయి అక్టోబరు నుంచి జీతం లేదు. సోఫా అంచున కూర్చుని ఫోను నా చేతికిచ్చింది. బాకీ నూట నాలుగు రియాళ్ళు. పదమూడో తేదీలోగా కట్టకపోతే కరెంటు తీసేస్తామని మెసేజి.

"ఇది జులై నుంచి ఉన్న బాకీ. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చలికాలంలో నీకు బిల్లేంది అని అందరూ నవ్వుతారని చెప్పల్యా పెద్దమ్మా. కరెంటు పోతే గ్రైండరు పాయ, ఫ్రిజ్జు పాయ. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేది ఆ పిండి దుడ్లు ఒకటే."

తన దగ్గర ఇరవై రియాళ్ళు ఉన్నాయంది. సాయంత్రానికి మిగతా ముగ్గురినీ మా ఇంటికి పిలిచాను. నిధి డబ్బు లెక్కలు చూసేది పక్క పేట ఖురంలో ఆఫీసు పనిచేసే గుంటూరు అబ్బాయి. మా నియమాలు గట్టివి. చేతికి నగదు ఇవ్వం, బిల్లు నేరుగా కడతాం. ఒక ఇంటికి అరవై రియాళ్ళకి మించి ఇవ్వం. బిల్లు ఆ ఇంటివాళ్ళ పేరునే ఉండాలి. అతను బిల్లు చూసి తల అడ్డంగా ఊపాడు. దాని మీద ఉన్నది ఎప్పుడో ఊరికి వెళ్ళిపోయిన కేరళ ఆయన పేరు.

"ఇది వాళ్ళ బిల్లని ఎలా అనుకుంటామండీ?"

మాలో ఒకరైన కరీంనగర్ సూపర్‌వైజరుకి ఓపిక తక్కువ. "పేరు ఎవలదైతే ఏంది సార్? కరెంటు కాలుతున్నది ఆళ్ళింట్లనే గదా."

"రేపు ఇంకొకరు ఇలాగే వస్తే ఏం చెప్తామండీ? రూలు రూలే."

నేను అడిగాను. "మీ ఇంటి బిల్లు ఎవరి పేరున ఉంది నాయనా?"

"నా పేరునే ఆంటీ."

"ఒకసారి తెరిచి చూడు."

ఫోను తెరిచాడు. "ఎవరో గుజరాతీ ఆయన పేరుందండీ," అన్నాడు నెమ్మదిగా.

"ఇన్నేండ్ల సంది ఎవల బిల్లు కడ్తున్నరు సార్ మీరు?" అని సూపర్‌వైజరు పడీపడీ నవ్వాడు. నవ్వు ఆపి తన ఫోను తీశాడు. ఆయనదీ అంతే. నాలుగో మనిషి, పక్కింటి టీచరమ్మది కూడా. ఇక్కడ ఫ్లాటు మారినప్పుడు బిల్లు మీద పేరు మార్పించాలంటే ఓనరు సంతకం, కాగితాలు, తిరుగుడు. అందుకని పాత పేరు అలాగే వదిలేసి నెలనెలా కట్టుకుపోతారు. మేము పెట్టుకున్న నియమం మాలోనే ముగ్గురికి పనికిరాలేదు.

గుంటూరు అబ్బాయి నొచ్చుకోలేదు, అది అతని మంచితనం. "అయితే ఇల్లు వాళ్ళదేనని ఇంకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. అద్దె ఒప్పందం ఆమె భర్త పేరున ఉంది, అందులో ఫ్లాటు నంబరు ఉంది. నలుగురం వాళ్ళ బిల్డింగుకి వెళ్ళి, మెట్ల కింద ఉన్న మీటర్లలో ఆ ఫ్లాటుది వెతికాం. టీచరమ్మ బిల్లులో ఉన్న మీటరు నంబరు చదివింది, అతను మీటరు మీద వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూశాడు. సరిపోయాయి. అక్కడే నిలబడి ఫోనులో అరవై కట్టాడు. ఆమె ఇరవై కట్టింది.

మిగిలింది ఇరవై నాలుగు. మర్నాడు ఆమె వెంట కరెంటు కంపెనీ కౌంటరుకి వెళ్ళాను. ఫిబ్రవరిలో పన్నెండు, మార్చిలో పన్నెండు కట్టడానికి ఒప్పుకున్నారు. అప్పటిదాకా కరెంటు తీసెయ్యబోమని చెప్పి, రసీదు మీద రాసి ఇచ్చారు.

బయటికొచ్చాక అన్నాను. "పేరు కూడా మార్పించుకో. ఏప్రిల్ బిల్లు వచ్చిన రోజే నాకు చూపించు. మళ్ళీ జనవరి దాకా దాచొద్దు."

"అప్పుడైతే ఎవురూ నవ్వరు గదా పెద్దమ్మా, ఎండాకాలం," అంది. రసీదు మడిచి బుర్ఖా లోపలి జేబులో పెట్టుకుని, బస్సు వస్తోందని నన్ను తొందరపెట్టింది.