పసుపు రాసిన చక్రం

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి దర్శనానికి వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే ఒక మాట. నందిగామ నుంచి బస్సులున్నాయి. జగ్గయ్యపేట నుంచి బస్సులు, ఆటోలు రెండూ దొరుకుతాయి. ఏదో ఒకటి ఎక్కండి. మన బంధువుకు లారీ ఉంది కదా, అందరం కలిసి సరదాగా పోవచ్చు అని మాత్రం అనుకోకండి. ఆ లారీ ఉన్న బంధువును నేనే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా చెల్లెలు సుజాతను జగ్గయ్యపేటలో ఇచ్చాం. పెళ్ళైన చాలా ఏళ్ళకు, ఆస్పత్రుల చుట్టూ తిరిగి విసిగిపోయాక, దానికి కొడుకు పుట్టాడు. వాడి పుట్టువెంట్రుకలు అమ్మవారి దగ్గర తీయిస్తామని మొక్కుకున్నారు. మాలో ఆ వేడుకకు పిల్లవాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి, మొదటి కత్తెర మేనమామే వేయాలి. "అన్నయ్యా, మనోళ్ళందరం నీ బండిలోనే పోదాం" అని సుజాత ఫోన్లో అనేసరికి నా ఛాతీ పొంగిపోయింది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని నాకు తెలియక కాదు. గుడి ప్రయాణాలకు మా వైపు దాన్ని ఎవరూ తప్పుగా లెక్కెయ్యరు, అంతే.

మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజులు. తెలతెలవారుతుండగా నందిగామలో ఇంటి దగ్గర బండి తీశాను. హైవే ఎక్కబోయే ముందు మెకానిక్ మస్తాన్ షెడ్డు వస్తుంది. తలుపులు మూసి ఉన్నాయి. ఆ షెడ్డు ముందు నుంచి తల తిప్పకుండా వెళ్ళిపోవడం అప్పటికి నాకు అలవాటైంది.

ఎందుకో ఇక్కడే చెప్పెయ్యాలి. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ప్రతి చక్రం దగ్గరా ఒక డబ్బా, అందులో రబ్బరు పొర ఉంటాయి. పెడలు తొక్కితే గాలి వచ్చి ఆ పొరను నెడుతుంది, బ్రేకు పట్టుకుంటుంది. ఆ మధ్య సిమెంటు లోడుతో సూర్యాపేట దగ్గర ఉండగా ఎడమ వెనక చక్రం పొర చిరిగిపోయింది. దారిలో అలా జరిగితే చాలామంది డ్రైవర్లు చేసే పనే నేనూ చేశాను. ఆ చక్రానికి గాలి వెళ్ళే గొట్టం విప్పి, గాలి బయటికి పోకుండా దాని నోట్లో ఒక బోల్టు బిగించాను. మిగతా చక్రాలు పట్టుకుంటాయి, ఊరు చేరగానే మస్తాన్‌కు చూపిద్దామనుకున్నాను. ఊరు చేరాను. మర్నాడు ఇంకో లోడు తగిలింది. ఆ తరవాత మరొకటి. బండి బాగానే ఆగుతోంది కదా అని ఊరుకున్నాను.

సూర్యుడు కాస్త పైకొచ్చేసరికి జగ్గయ్యపేటలో ఉన్నాను. సందులోకి బండి పట్టదు గనక మెయిన్ రోడ్డు మీదే ఆపాను. అప్పటికే అందరూ కొత్త బట్టలతో సిద్ధంగా ఉన్నారు. మామూలుగా ఐతే నేను బండి కదిలించే ముందు చుట్టూ తిరిగి, రాడ్డుతో టైర్లు కొట్టి చప్పుడు వింటాను. ఎవరినైనా లోపల బ్రేకు తొక్కి పట్టుకోమని, ఎక్కడైనా గాలి లీకవుతోందేమోనని చెవి పెడతాను. ఆ రోజు బండి చుట్టూ తిరిగిన మాట నిజమే, కానీ చేతిలో పసుపు గిన్నె ఉంది. సుజాత అత్తగారు నాగేంద్రమ్మగారు దగ్గరుండి మరీ ప్రతి చక్రానికీ పసుపు రాయించి, కుంకుమ బొట్లు పెట్టించారు. బంతిపూల దండలు కట్టించారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. ఎడమ వెనక చక్రానికి నేనే స్వయంగా, దళసరిగా పసుపు రాశాను. దాని వెనక ఉన్న బోల్టు గుర్తుకు రాకపోలేదు. ఇంతమంది ముందు బండి కిందికి దూరి కొత్త చొక్కా పాడుచేసుకోవడం ఏం బాగుంటుందనిపించింది.

బాడీలో పట్టాలు పరిచి, పైన టార్పాలిన్ కట్టాం. ఆడవాళ్ళు, పిల్లలు, వంటసామాను, పొంగలి గిన్నెలు అన్నీ వెనక ఎక్కాయి. క్యాబిన్లో నా పక్కన సుజాత, దాని ఒళ్ళో పిల్లవాడు, కిటికీ వైపు దాని మొగుడు, మా బావ శ్రీను. నాగేంద్రమ్మగారు కర్పూరం వెలిగించి, "మా సుజాత అన్నగారు తోలుతుంటే నాకు మంచంలో పడుకున్నట్టే ఉంటదే" అని పక్కింటామెతో అంటూ ఎక్కారు. నిమ్మకాయలు తొక్కుకుంటూ బండి కదిలింది.

చిల్లకల్లు దగ్గర హైవే మీదికి మేకల మంద వచ్చింది. బ్రేకు తొక్కాను. బండి ఆగింది కానీ ముక్కు కుడివైపుకు లాగింది. ఎడమ వెనక చక్రం పట్టుకోకపోతే అలాగే లాగుతుంది. లోడు లేకపోవడంతో ఇంకాస్త ఎక్కువే తెలిసింది. వెనక ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి పకపకా నవ్వారు.

"ఏంటి బావా, పక్కకి పోతోంది?" అన్నాడు శ్రీను.

"రోడ్డు వాలుగా ఉంది బావా," అన్నాను. రోడ్డు చాప పరిచినట్టు సమంగా ఉంది.

పెనుగంచిప్రోలు దారి చీలే చోట టీ కోసం ఆగాం. టీలు బాగున్నాయి, పక్కనే వేడివేడి పుణుగులు వేస్తున్నారు. మీరు వెళ్తే తప్పక తినండి. నేను తినలేదు. అందరూ కొట్టు దగ్గర ఉండగా ముందు చక్రం దగ్గర వంగి చూశాను. సన్నగా బుస్సుమంటోంది. ముందు బ్రేకు గొట్టం ఇనుప రేకుకు రాసుకుని రాసుకుని అరిగిపోయి, అక్కడ గాలి లీకవుతోంది. ఇది ఒక్క రోజులో అరిగేది కాదు. ముందు రోజో, అంతకు ముందు రోజో చూసి ఉంటే కనిపించేది. సీటు కింద నుంచి పాత సైకిలు ట్యూబు ముక్క తీసి బిగించి చుట్టాను. బుస్సు ఆగింది.

"ఏమైంది అన్నయ్యా?" చంకలో పిల్లవాడితో సుజాత వచ్చి నిలబడింది.

"ఏం లేదమ్మా. చూస్తున్నా, అంతే."

"నువ్వు చూస్తే చాలు," అని వెళ్ళిపోయింది.

ఇప్పటికీ నన్ను తినేసేది ఆ మాటే. అక్కడ ఆటోలున్నాయి, పట్టపగలు, గుడి ఎంతో దూరం లేదు. అందర్నీ దిగమని ఉంటే సరిపోయేది. దిగమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే పసుపు గిన్నె పట్టుకుని తిరిగిన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆ మొహం కోసమే అందర్నీ మళ్ళీ ఎక్కించుకున్నాను.

లోపలి రోడ్డు రెండు పక్కలా మిరపచేలు, రోడ్డు వారనే కల్లాలు. ఎండబోసిన కాయలతో కనుచూపు మేర నేలంతా ఎర్రగా ఉంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. నా ముందు మిరపకాయల బస్తాలతో ఒక ట్రాక్టరు పోతోంది. బస్తాల మీద ఇద్దరు కూలీ ఆడవాళ్ళు కూర్చున్నారు. ఉన్నట్టుండి ట్రాక్టరు ఆగింది. నేను పెడలు మీద నిలబడినంత పని చేశాను. టపీమని చప్పుడు. ట్యూబు చుట్టిన గొట్టం పగిలిపోయింది. ముందు బ్రేకులు లేవు, వెనక ఉన్నది కుడి చక్రం ఒక్కటే. బస్తాల మీది ఆడవాళ్ళ మొహాలు నాకు స్పష్టంగా కనిపించాయి. స్టీరింగు కుడివైపు తిప్పేశాను. ఎదురుగా ఏ బండీ రాలేదు. అందులో నా గొప్పేమీ లేదు. లారీ రోడ్డు దాటి, ఎండబోసిన మిరపకాయల మీదుగా పోయి, బస్తాల గుట్టకు ఆనుకుని ఆగింది.

తరవాత కాసేపు తుమ్ములు, దగ్గులే. మిరప ఘాటుకు ఎవరికీ కళ్ళు తెరుచుకోలేదు. పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. సుజాత వాడి మొహాన్ని కొంగులో దాచుకుని డ్యాష్‌బోర్డుకు కాళ్ళు తన్నిపెట్టి అలాగే ఉండిపోయింది. ఒక్కొక్కరినీ కిందికి దింపి చూశాం. మోచేతులు గీసుకుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. కల్లానికి కాపలా ఉన్న ముసలామె కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"కాయలు పోతే పోయినై నాయనా. పిల్లలకేం కాలేదుగా? బ్రేకు ఫెయిలైందా?"

తల ఊపాను. నిజంగా బ్రేకు ఫెయిలైంది. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ మాట వెనకాల నేను హాయిగా దాక్కున్నాను.

ఇక అక్కణ్ణుంచి పొగడ్తలు మొదలయ్యాయి. "యంత్రమన్నాక పోద్ది, అదేం చెప్పి పోద్దా?" అన్నాడు ట్రాక్టరు అతను. "మా బావ కాబట్టి తిప్పాడు. ఇంకొకడైతే గుద్దేసేవాడు," అన్నాడు శ్రీను. నాగేంద్రమ్మగారు ఏడుస్తూ నా రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు. ఆ చేతుల గోళ్ళ సందుల్లో పొద్దుటి పసుపు ఇంకా ఉంది. తిట్టినా, కొట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

బండిని కల్లంలోనే వదిలి ఆటోల్లో గుడికి చేరాం. పొద్దు బాగా ఎక్కింది. మునేరులో నీళ్ళు పలచగా పారుతున్నాయి, మోకాళ్ళ లోతు లేవు. అక్కడే స్నానాలు చేశాం. తలనీలాలు తీసే చోట టిక్కెట్టు తీసుకుని వరుసలో కూర్చోవాలి. శుక్ర, ఆదివారాల్లో కొంచెం రద్దీ ఎక్కువ. మా వంతు వచ్చింది. పిల్లవాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టారు. కత్తెరతో మొదట నాలుగు వెంట్రుకలు కత్తిరించాను. మంగలి ఆయన కొత్త బ్లేడు కాగితం విప్పి, రెండు ముక్కలు చేసి, కత్తిలో బిగించి సుజాతకు చూపించాడు. "కొత్తదేనమ్మా, చూసుకో," అన్నాడు. అందరికీ చూపిస్తాడట, అది ఆయన పద్ధతి. "మేనమామా, తల గట్టిగా పట్టుకో. కదిలితే తెగుద్ది."

పట్టుకున్నాను. కొబ్బరికాయంత తల, మెత్తగా, వెచ్చగా ఉంది. నడినెత్తిన నాడి కొట్టుకుంటూ వేళ్ళకు తెలుస్తోంది.

దర్శనమైంది, పొంగలి, పులిహోర భోజనాలయ్యాయి. ఎండ తగ్గుముఖం పట్టాక శ్రీను లేచాడు. "బావా, గొట్టం ఒకటి తెచ్చి వేయించుకుందాం. పొద్దున్నే అంత బాగా ఆపావుగా, మెల్లగా పోదాంలే. నువ్వున్నావుగా!" ఆడవాళ్ళు అప్పటికే గిన్నెలు సర్దుతున్నారు. అందరూ నమ్మకంగా నా వైపే చూస్తున్నారు. ఇంకొక్కసారి "సరే" అంటే నా పరువు నాకు దక్కుతుంది. పిల్లవాడు నా ఒళ్ళోనే నిద్రపోతున్నాడు, గంధం రాసిన గుండు నా చొక్కాకు అంటుకుని ఉంది.

"నా బండి ఎవరూ ఎక్కొద్దు," అన్నాను. "బ్రేకు దానంతటది పోలేదు. వెనక చక్రానికి ఎప్పుడో పోయింది, బోల్టు బిగించి తిప్పుతున్నా. ముందు గొట్టం కూడా టీ కొట్టు దగ్గరే చూసా. చూసే ఎక్కించా."

నాగేంద్రమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. శ్రీను చెప్పులు వేసుకుని ఆటోల కోసం వెళ్ళిపోయాడు.

"నేనొచ్చి అడిగినప్పుడు నీకు తెలుసా అన్నయ్యా?" అంది సుజాత.

"తెలుసమ్మా."

అది వంగి, నిద్ర చెడకుండా మెల్లగా, పిల్లవాణ్ణి నా ఒళ్ళోంచి తీసుకుంది.

వాళ్ళు ఆటోల్లో జగ్గయ్యపేట వెళ్ళిపోయారు. నేను మస్తాన్‌కు ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పి, కల్లం దగ్గరకు రమ్మన్నాను. రేపు పొద్దున్న వస్తానన్నాడు. ముసలామెతో కాయల సంగతి నేనే చూస్తానని చెప్పి, బండికి తాళం వేసి, నందిగామ బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటు దొరికింది. పక్కన కూర్చున్న పెద్దాయన నా చొక్కా మీద గంధం మరక చూసి పలకరించాడు.

"పుట్టెంట్రుకలకొచ్చారాండి?"

"మేనల్లుడికండి."

"మేనమామ అన్నమాట. అదృష్టవంతులు!"

నేను కిటికీ వైపు తిరిగాను. ఇన్నేళ్ళుగా ఎన్నోసార్లు తోలిన రోడ్డును తీరిగ్గా కూర్చుని చూడడం అదే మొదలు. మంచి రోడ్డే. ఎక్కడా వాలు లేదు. ప్రతి పెద్ద మలుపు దగ్గరా డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా నా కుడికాలు నాకు తెలియకుండానే బస్సు నేలను తొక్కింది.

అంబారుపేట దాటాక ఫోన్ మోగింది. సుజాత. తీయాలంటే భయమేసింది.

"ఇల్లు చేరాం," అంది. అవతల పిల్లవాడు ఆడుకుంటున్న చప్పుడు. మళ్ళీ తనే అంది. "వచ్చే నెల్లో వాడికి చెవులు కుట్టిస్తున్నాం. మేనమామ ఒళ్ళోనే కూర్చోబెట్టాలంట. రా."

"వస్తా," అన్నాను.

"బస్సులో రా అన్నయ్యా," అని పెట్టేసింది.