రెండో కప్పు

అద్దె ఇళ్ల ఫోటోలు తియ్యడానికి ప్రత్యేకంగా ఓ మనిషి కావాలా అని నవ్వేవాళ్లు నూజివీడులో ఇప్పటికీ ఉన్నారు. నవ్వుకోనివ్వండి. ప్రవల్లిక తీసిన ఫోటోలు నెట్లో పెడితే వారం తిరక్కుండా ఇంటికి మనుషులు దిగుతారు.

ఆమె పద్ధతి ఆమెది. గది మధ్యలో నిలబడి తియ్యదు. గుమ్మం మూలకి ఒదిగి, ఫోను ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుంటుంది. ఫ్లాష్ జోలికి పోదు. కిటికీలన్నీ తెరిచి, వెలుతురు మెత్తబడేదాకా గంటైనా కాచుకుంటుంది. పాత క్యాలెండర్లు, తలుపు వెనక తువ్వాళ్లు నిర్మొహమాటంగా పీకేస్తుంది. స్కూటీకి ఎప్పుడూ ఓ సంచి వేలాడుతుంటుంది. అందులో తెల్ల కర్టెన్లు, ఉతికిన దుప్పటి, మడత చాప, రెండు టీ కప్పులు. వట్టి గోడలు చూసి ఎవరూ రారు, కాపురం కనిపించాలి అంటుంది.

సంచిలో కాపురం పెట్టుకుని తిరిగే ఆ మనిషికి నెలాఖరు దాటితే ఇల్లు లేదు. ఉంటున్న గదిని కూల్చి కొత్తది కడతారట. విడాకులై నాలుగేళ్లయింది. తాను ఫోటోలు తీసిన ఇళ్లలోనే ఐదు అడిగింది. "ఎంతమంది ఉంటారండీ?" అంటారు. "నేనొక్కదాన్నేనండీ" అనగానే, ఇంట్లో అడిగి చెప్తామంటారు. ఆ అడగడం ఇంతవరకూ పూర్తి కాలేదు, పాపం.

ఆగిరిపల్లిలో పుష్పవతి గారి మేడ మీది పోర్షన్‌లో ఫోటోలకని అడుగు పెట్టగానే ప్రవల్లిక ప్రాణం లేచొచ్చింది. కిందటి వేసవిలో అక్కడ మామిడికాయలు గడ్డిలో ముగ్గేశారట. ఆ వాసన గోడలకి ఇంకా ఉంది. గచ్చు మీద జీడి మరకలున్నాయి. ఇంకో ఇంట్లో అయితే చాప కప్పేసేది. ఉండనీ, నాకేం అడ్డం అనుకుంది. వంటింటి కిటికీలోంచి తోటంతా పూత. స్టవ్ ఎక్కడ పెట్టుకోవాలో, మంచం ఎటు తిప్పుకోవాలో చూసుకుంది. కిటికీ గట్టు మీద కప్పు పెట్టి ఫోటో తీసింది. అంత బాగా ఎప్పుడూ తియ్యలేదు.

పుష్పవతి గారు మెట్లెక్కి వచ్చి ఫోను చూసి మురిసిపోయారు.

"మా ఇల్లేనా ఇది? భలే తీశావమ్మాయ్! అయితే ఒక్క కప్పే పెట్టావేంటి? ఎవరో ఒంటి మనిషి ఉన్నట్టుంది. ఇంకోటి పెట్టి తియ్యి."

ప్రవల్లిక అడిగేసింది. "ఒంటి మనిషైతే ఇవ్వరా ఆంటీ గారూ?"

"ఎవరికోసం?"

"తెలిసినావిడ ఉందండీ."

"వద్దులేమ్మా. మంచావిడే అయ్యుంటుంది. చుట్టుపక్కల వాళ్ల నోళ్లకి మేం జవాబు చెప్పుకోలేం."

ఆ తెలిసినావిడ తనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఏడుపొచ్చింది గానీ, పని మధ్యలో ఏడిస్తే ఫోను కదులుతుంది. మరకల మీద చాప పరిచింది. సంచిలోంచి రెండో కప్పు తీసి మొదటిదాని పక్కన పెట్టి, మళ్లీ తీసింది.

మూడో రోజున పుష్పవతి గారు ఫోన్ చేశారు. ఇల్లు కుదిరిందట, కొత్తగా పెళ్లైన జంటట, కిటికీ దగ్గర ఫోటో చూసే వచ్చారట.

"అన్నట్టు, నీకు తెలిసినావిడకి ఇల్లు దొరికిందా అమ్మాయ్?"

"ఇంకా లేదండీ," అంది ప్రవల్లిక. "చూస్తోంది."