సంతకం పెట్టి వదిలేసిన మనిషి

ప్రభువునందు ప్రియ సహోదరులారా, మన ఆష్‌బర్న్ సంఘంలో నవ్వించేవాడు ఎవరంటే మీరంతా నా వైపే చూస్తారు, కానీ రెండేళ్లపాటు నేను నవ్వించింది మీ సంతోషం కోసం కాదు, ఎవరూ నన్ను ఏమీ అడగకుండా ఉండాలని. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, మా అక్క దయవల్ల ఈ అమెరికా వచ్చి, ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు మోస్తూ సిటిజన్‌నయ్యాను. శాంతిని పెళ్లి చేసుకుని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఆమె పోషణ నాదేనని ప్రభుత్వానికి కాగితం రాసిచ్చాను. నా జీతం చాలదంటే, నేను చూడకపోతే ఆ భారం తనదని మన సంఘపెద్ద యేసురత్నం గారు నా పక్కన రెండో సంతకం పెట్టారు.

నాలుగేళ్లకు విడాకులయ్యాయి, తప్పు ఎక్కువ నాదే. తర్వాత శాంతి గోడౌన్ పనిలో నడుము దెబ్బతిని మంచానపడితే, ఆమె లాయరు, తెలుగాయనే, ఫోన్ చేసి, విడాకులైనా ఆ కాగితం చెల్లుతుందని, ఆమె సిటిజన్ అయ్యేదాకానో, ఇక్కడ పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకానో నేను చూసుకోవాలని విడమరిచి చెప్పాడు.

“పెళ్లికి పాస్టర్ గారున్నారు, విడాకులకి జడ్జి గారున్నారు, మధ్యలో మీరెవరు సార్?” అని ఫోన్ పెట్టేసి, ఆ నెలే గది మారి, నంబరూ మార్చేశాను. అర్థంకాక కాదు, అర్థమయ్యే.

యేసురత్నం గారు రిటైరయ్యాక మళ్లీ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో షటిల్ బస్సు నడుపుతున్నారని విని, ఒక ఆదివారం ప్రేమవిందులో, “అంకుల్, డాలర్లన్నీ పరలోకానికి పార్సిల్ కడుతున్నారా, పేతురు గారు కస్టమ్స్‌లో ఆపేస్తారు” అన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. సాంబారు వడ్డిస్తున్న ఆయన భార్య రూతు ఆంటీ మాత్రం నా ప్లేటు దగ్గర ఆగి, నాకొక్కడికే వినబడేలా అన్నారు: “శాంతి అద్దె కట్టడానికి వెళ్తున్నారు నాయనా. నువ్వు దొరకలేదని ఆ లాయరు మా ఇంటికొచ్చాడు. నిన్ను పట్టివ్వకుండా, రెండో సంతకం నాదేగా అని ఈయనే ఒప్పుకున్నారు.”

ప్లేటు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. మర్నాడు స్టోర్ ఫ్రీజర్ గదిలో బఠాణీ పెట్టెల మధ్య మోకరించి, “ప్రభువా, నడుము విరిగిన ఆడమనిషిని దారిలో వదిలేసి, ఆ బరువు ముసలాయన భుజానికెత్తినవాణ్ణి, నన్ను ఇలా ఉండనివ్వకు” అని ఏడ్చాను. దేవునికే మహిమ, ఆయన నన్ను ఉండనివ్వలేదు. ఆ సాయంత్రమే యేసురత్నం గారి కాళ్ల మీద పడ్డాను.

“లేరా, నా దగ్గర కాదు, పద” అని ఆయనే కారెక్కించారు.

శాంతి గొలుసు తీయకుండానే తలుపు కాస్త తెరిచి, “జోకు వేయడానికొచ్చావా?” అంది. “ఈ నెల నుంచి అద్దె నేను కడతాను” అన్నాను. “కట్టు. లోపలికి మాత్రం రాకు” అంది.

స్టోర్ అయ్యాక హోటల్లో గిన్నెలు తోముతున్నాను, అద్దె కడుతున్నాను, అంకుల్ షటిల్ మానేశారు. శాంతి నన్ను క్షమించలేదు, క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా ఆమెకు కనబడకుండా పరుగెత్తే ఆ బతుకు నుంచి ప్రభువు నన్ను విడిపించాడు, ఆయనకే స్తోత్రం. నాలాగా ఒకరి గుమ్మం తప్పించి తిరుగుతున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆయన్ని నమ్మి వెళ్లి తట్టండి. లోపలివాళ్లు తీయకపోయినా, బయట మీ పక్కన ఆయన నిలబడతాడు.