చెరిపిన లైను

మా తెనాలి ఇంట్లో పై వాటాలో అద్దెకున్న ఇంజనీరుగారు పుట్టగానే ఏడవకుండా ఏదో చెరిపేసి ఉంటారని నా గట్టి నమ్మకం. ఏది రెండుసార్లు కనిపించినా ఆయన నోట ఒకటే మాట: "ఇది వేరేగా ఎందుకండీ?" ఇడ్లీకీ దోసెకీ వేరు వేరు చట్నీలెందుకని మా ఆవిణ్ణి అడిగి, వారం రోజులపాటు రెండూ పోగొట్టుకున్న ధీరుడు.

ప్రపంచమంతా పంచుకుని వాడే కంప్యూటర్ కోడ్ రాయడం ఆయన పని. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు ఒక ప్రాసెసర్ లేచి, మిగతావాటిని లేపుతుందట. ఒక్కో జాతి ప్రాసెసర్‌కి ఒక్కో రకం మేల్కొలుపు కోడ్ ఉండేది. ఈయన అవన్నీ కలిపి ఒకటే రాశారు. బాపట్లలో స్నేహితుడి ల్యాబులో ఉన్న జాతులన్నీ చక్కగా లేచాయి. పరీక్షించాల్సింది ఒక్క ముసలి జాతి మిగిలింది. అది రేపల్లెలో, ఆయన మేనమామగారి రైసుమిల్లులో నల్లగింజలు ఏరే యంత్రంలో ఉంది. తోడుగా నేనూ వెళ్ళాను.

కొత్త కోడ్ ఎక్కించారు. నాలుగు ప్రాసెసర్లలో ఒకటే లేచింది. యంత్రం కదల్లేదు. బయట లారీల బారు వేమూరు దాటిందని నా అంచనా, లెక్కపెడితే మూడు.

"ఏం చేశావురా అల్లుడూ? సాయంత్రంలోగా సరుకు వెళ్ళకపోతే నా పరువు పోద్ది!" అన్నాడు మేనమామ.

"ఒక్క లైను అనవసరమని తీసేశా మావయ్యా."

"ఏంటా లైను?"

"కాసేపు ఆగమని."

జన్మలో మొదటిసారి ఆయన చెరిపింది తిరిగి రాశారు. ఒకటి, రెండు, మూడు... కాస్త బతిమాలించుకుని నాలుగోదీ లేచింది. యంత్రం గర్జించింది.

ప్రపంచమంతా చదివే ఆ కోడ్‌లో, ఆ లైను పక్కన కారణం రాయాలట. చాలాసేపు ఆలోచించి రాశారు: "పెద్దవాళ్ళు, నెమ్మదిగా లేస్తారు."