పందొమ్మిదో నెంబరు, మూడో వరస

మా నాన్న మిలిటరీ పైప్ బ్యాండులో, చంకలో గాలిసంచీ పెట్టుకుని ఊదే బ్యాగ్‌పైప్ వాయించేవాడు. ఆయన వాయించినవన్నీ ఒక ఎత్తు, పందొమ్మిదో నెంబరు ఒక్కటీ ఒక ఎత్తు. ఐర్లండు పల్లెల్లో గంతులేసి ఆడుకునే బాణీ అది. రీల్ అంటారు. బ్యాండు పుస్తకంలో దానికి పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. పుస్తకంలో ఆ పాటకు రెండు వరసలుంటే నాన్న మూడోది కూడా వాయించేవాడు. ఎక్కడిదని బ్యాండును నడిపే పైప్ మేజర్ అడిగితే, అసలు పాటలోనే ఉందనీ, తనకు ఉస్తాద్ నేర్పాడనీ చెప్పేవాడు. పైప్ మేజర్ నమ్మలేదు. పెరేడులో ఆ వరస తీసేయించాడు.

రిటైరై చాలా ఏళ్ళకు మయూర్ విహార్‌లో నా దగ్గరికి వచ్చాక కూడా నాన్నకు ఆ మంట చల్లారలేదు.

"నీ ఉజ్జోగం పాత ఫైళ్ళు ఎతకడమే గదా. ఈ పాట ఎక్కడున్నాదో ఎతుకు. మూడో వరస ఉన్నాదని ఓపాలి సూపించు. నాను పోయేలోగా" అన్నాడు.

సవాలు చేస్తే నేను ఆగను. మాది సన్నాయి మేళం ఇల్లు కాబట్టి నాన్న బ్యాండు పాటలన్నీ నోటుపుస్తకంలో తెలుగులో స రి గ మలతో రాసుకున్నాడు. ఐర్లండు బాణీలు దాచిన వెబ్‌సైట్లలో ఇంగ్లీషు అక్షరాలతో వెతకాలి. స్వరాలను అక్షరాలుగా మార్చి రోజూ కొట్టి చూశాను. రెండు వారాలు ఏమీ దొరకలేదు. చివరికి నాన్నే నా కాగితం చూసి పగలబడి నవ్వాడు.

"స ఎక్కడ పెట్టినావే?"

బళ్ళో హార్మోనియం నేర్చుకున్నదాన్ని, తెల్లమెట్లలో మొదటిదే స అనుకున్నాను. అంటే ఇంగ్లీషు అక్షరాల్లో 'సి'.

"సంచీలోంచి ఆగకుండా మోగుతాది సూడు, ఆ శ్రుతి స. దాన్ని మా బ్యాండులో 'ఏ' అంటారు. సన్నాయోళ్ళ మనవరాలివి, సిగ్గు నేదా?"

సరిచేసి కొట్టిన సాయంత్రమే పాట దొరికింది. ఆ తర్వాత తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు దానికి. ఒకరు ఫిడేలుకు రాసుకున్నారు, ఇంకొకరు వేణువుకు. ఓ పాత రికార్డు నిండా పోపు చిటపటలే, లోపల ఎవరో ముసలాయన ఫిడేలు. మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ వస్తూ అన్నీ విన్నాను, అన్ని రాతలూ పక్కపక్కన పెట్టి చూశాను. అందరివీ రెండే వరసలు. మూడోది ఎక్కడా లేదు.

నాన్నకు చెప్పడానికి నోరు రాలేదు. "ఇంకా వెతుకుతున్నా" అంటూ నెల రోజులు దాటేశాను. ఒక ఆదివారం టీ తాగుతూ ఆయనే అడిగాడు.

"నేదు గదా?"

"లేదు నాన్నా."

"ఎలాగుంటాది? నానే కట్టినాను."

కప్పు కింద పెట్టేశాను. నాన్న తల వంచుకుని చెప్పాడు. ధౌలా కువాన్ దగ్గర బ్యారక్‌లో ఉండగా ఇంటి మీద బెంగ పుట్టిందట. వాళ్ళయ్య పెళ్ళిళ్ళలో తాళి కట్టే వేళ సన్నాయి మీద ఎత్తుకునే ముక్క ఒకటి ఆ రీల్‌లోకి ఇమిడ్చాడట.

"సిపాయి కట్టినాడంటే ఎవుడు వాయించనిత్తాడు? అందుకే ఉస్తాదు పేరు సెప్పినాను. సెప్పీసి సెప్పీసి నాకే నమ్మకం తగిలీసింది."

ముందు కోపం వచ్చింది. నెల రోజులు నిద్ర చెడగొట్టుకున్నాను మరి. ఆ తర్వాత ఆయన చాంటర్ తీశాడు. సంచీ లేకుండా సాధన చేసుకునే గొట్టం అది. మూడో వరస వాయించాడు. అన్ని రికార్డులు విన్న చెవులతో అప్పుడు మళ్ళీ విన్నాను. పాటలో ఎక్కడా అతుకు కనపడలేదు. నా గుండె గర్వంతో నిండిపోయింది. మా నాన్న, ఎనిమిదో తరగతి చదివినవాడు, ఈ పని చేశాడు!

మా అమ్మాయి ఫోనులో రికార్డు చేస్తూ "నానూ, ఏక్ బార్ ఔర్" అని తాతను మళ్ళీ మళ్ళీ అడిగి మూడుసార్లు వాయింపించింది. నేను స్వరాలను అక్షరాల్లోకి మార్చాను, ఈసారి స సరిగ్గానే పెట్టాను. వెబ్‌సైటులో పెట్టబోతే, ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఒక గడి ఉంది.

"ఉస్తాదు పేరే ఎయ్యి" అన్నాడు నాన్న.

వెయ్యలేదు. రెండు వరసలు పాతవి, మూడోది మా నాన్న కట్టినది అని రాశాను.

నాలుగు నెలలకు ఆ పేజీ కింద ఎవరో ఒక వీడియో పెట్టారు. ఐర్లండులో ఏదో వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఫిడేలూ వేణువూ. మొదటి వరస, రెండోది, ఆగకుండా మూడోది. మా తాత పెళ్ళి సన్నాయి వాళ్ళ వంటింట్లో మోగుతుంటే నాకు కళ్ళు నిండిపోయాయి. నాన్న వైపు తిరిగాను. వీపు నిటారుగా పెట్టి, పెరేడులో నిలబడ్డట్టు కూర్చుని ఉన్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు.

"తాళి కట్టేకాడ తొందరపడిపోతన్నారు" అన్నాడు. "నిదానంగా వాయించమని ఆలకి రాయి. కట్టినోడు సెప్పినాడని రాయి."