అందరూ, ఎవ్వరూ, ఆనందం సారు

పేరు ఆనందం. పెట్టినవాళ్ల తప్పేమీ లేదు, పుట్టినప్పుడు ఆయనా అందరు పసిపిల్లల్లాగే నవ్వి ఉంటాడు. కానీ ఈ ఏడాదిగా శంషాబాద్ బస్టాండు వెనక సందులో, బేకరీ మీది అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటరు మెట్లు ఆయన ఎక్కుతుంటే చూసినవాళ్లకి ఆ పేరు నోటికి రావడం కష్టం. మూతి ముడుచుకుని, ఎవరో తన చెప్పులు ఎత్తుకుపోయినట్టు చూస్తూ ఎక్కుతాడు.

సంగతేమిటంటే, మనిషికి కుళ్లు పట్టుకుంది. మర్యాదగా అసూయ అనొచ్చు గాని, ఆయనకు పట్టింది కుళ్లే.

ఆనందం సారు చెప్పేది రీజనింగు. పోలీసు కానిస్టేబులు, రైల్వే, ఏర్‌పోర్టు సెక్యూరిటీ, ఇలాంటి పరీక్షలకు చదివే పిల్లలు షాద్‌నగర్ నుంచి, బడంగ్‌పేట్ నుంచి తెల్లారగట్లే బస్సులు పట్టుకుని ఆయన క్లాసుకి వచ్చేవాళ్లు. అందులోనూ ప్రకటనలూ తీర్మానాలూ అన్న పాఠం చెప్పాలంటే ఆయనే చెప్పాలి. "లోకంల మనుషులు ఆడే మాటలన్ని ఒక దగ్గర పోసి పిండితే నాలుగే తేలతయ్ రా" అని మొదలుపెట్టేవాడు. అందరూ. ఎవ్వరూ కాదు. కొందరు. కొందరు కాదు. ఇంతే. ఈ నాలుగింటిలో ఏది నిజమైతే ఏది అబద్ధమవుతుందో తెలిసినవాడు పరీక్షలోనే కాదు, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా మోసపోడని ఆయన నమ్మకం.

'కొందరు' అన్నదాని దగ్గర పిల్లలు తప్పకుండా బోల్తా పడేవాళ్లు. కొందరు అంటే మిగతావాళ్లు కాదనే కదా అనుకునేవాళ్లు. అప్పుడు ఆనందం సారు వాళ్లని బస్సెక్కించేవాడు. "ఆరాంఘర్ల బస్సెక్కినవ్. ముందు సీట్లల్ల ఉన్నోళ్లను అడిగినవ్. ఏర్‌పోర్టుల పనిచేస్తమన్నరు. నువ్వేమంటవ్? ఈ బస్సుల కొందరు ఏర్‌పోర్టోళ్లు అంటవ్. వెనక సీట్లోళ్లు కాదని అన్నవా? అనలే. నువ్వింక అడగలే, అంతే."

ఇంకో అలవాటు కూడా ఉండేది. మొదటి రోజే బోర్డు దగ్గర ఏదో ఒకటి కావాలనే తప్పు చెప్పి, ఏమీ ఎరగనట్టు పిల్లల వైపు చూసేవాడు. చాలామంది తలలూపి రాసుకునేవాళ్లు. ఎవరైనా లేచి "తప్పు సార్" అంటే, జేబులోంచి విరగని కొత్త చాక్‌పీసు తీసి చేతిలో పెట్టి, ముందు బెంచీకి పిలిచేవాడు. ఆ చాక్‌పీసుని పర్సుల్లో దాచుకున్నవాళ్లున్నారు. నెత్తి మీద విమానం వెళ్తుంటే మాట ఆపేసి, అది దాటిపోయే దాకా చెయ్యి అలాగే గాలిలో పెట్టి నిలబడేవాడు. పిల్లలు కూడా పెన్నులు ఎత్తి పట్టుకునేవాళ్లు.

అలాంటి ముందు బెంచీ పిల్లే శిరీష. శంషాబాద్ అవతల ఊళ్లో వంకాయా టమాటా పండించే జంగయ్య కూతురు. చురుకైన పిల్లే గాని కానిస్టేబులు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇంట్లో కూర్చుని ఏడుస్తోందని విని, ఆనందం సారే సెంటరు యజమాని జగదీశ్ దగ్గరికి తీసుకొచ్చి, "చిన్న బ్యాచ్ ఏదన్న ఇయ్యి, చెప్తది" అన్నాడు. ఆ మాట అన్న నోటిని తర్వాత ఆయన ఎన్నిసార్లు తిట్టుకున్నాడో చెప్పలేం.

మొదట గోడ అవతల నుంచి నవ్వులు వినిపించాయి. రీజనింగు క్లాసులో నవ్వులేమిటని చిరాకుపడ్డాడు. తర్వాత ఆ గదికి కుర్చీలు చాలక ఈ గదిలోంచి పట్టుకెళ్లారు. తర్వాత జగదీశ్ రెండు గదుల్లోనూ నల్లబల్లలు పీకించి తెల్ల బోర్డులు పెట్టించాడు. దుమ్ముతో తుమ్ములొస్తున్నాయని శిరీష అన్నదట. ఆనందం సారు ఆ రోజు నుంచి చాక్‌పీసులు కొనడం మానేశాడు, తప్పు చెప్పి చూసే ఆటా మానేశాడు. తెల్ల బోర్డు ముందు ఆయనకు చెయ్యే ఆడలేదు. పిల్లలు డౌట్లు అడగడానికి ఆమె గది ముందు నిలబడేవాళ్లు. ఆయన వస్తే పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు, చాలా మర్యాదగా. ఆ మర్యాదే ఆయనకు ఎక్కువ మండేది.

చోద్యం చూడండి. పిల్లలెవరైనా తొందరపడి 'అందరూ' అన్నా 'ఎవ్వరూ' అన్నా చెవి మెలిపెట్టే మనిషి, ఇప్పుడు ఉన్న నాలుగింటిలో ఆ రెండే వాడటం మొదలుపెట్టాడు. అందరూ ఆమె వైపే. నన్నెవ్వరూ పట్టించుకోరు. అన్నీ ఆమెకే తెలుసు. కుళ్లు పట్టిన మనిషికి 'కొందరు' అన్న మాట నోట్లో పలకదు కాబోలు.

"నా దగ్గర నేర్చుకున్నది ఆ పిల్ల దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదు" అన్నాడొకరోజు అన్నం ముందు కూర్చుని. "అన్ని ఫోన్ల చూసి చెప్తది. కనీసం సార్ నేర్పిండన్న మాట కూడా రాదు నోట్లెకెల్లి."

భార్య యేసుమణి కుట్టు మిషన్ మీద బ్లౌజు మడత సరిచేస్తూ, "నువ్వెప్పుడు విన్నవయ్యా ఆమె క్లాసు?" అంది.

"వినకుంటేంది? గోడ పక్కనే గదా."

"గోడకెల్లి నవ్వులే ఇనిపిస్తయ్. మాటలు ఇనిపియ్యయ్." దారం కొరికి, "ఆదివారం ప్రార్థనల గూడ అదే మొకం పెట్టుకుంటున్నవ్. పాస్టరమ్మ నన్నడుగుతున్నది, అన్నకు ఒంట్ల బాగలేదా అని" అంది.

ఇంతలో జగదీశ్ ఒక కబురు చెప్పాడు. కొత్త నోటిఫికేషన్ వచ్చింది, పొద్దుటి బ్యాచ్‌కి పిల్లలు కిటకిటలాడబోతున్నారు. ఇద్దరూ ఒకే పాఠం మీద డెమో క్లాసులు చెప్పాలి. పిల్లలు ఎవరిని కోరుకుంటే పొద్దుటి బ్యాచ్ వాళ్లకి. పొద్దుటి బ్యాచ్ అంటే మామూలు సంగతి కాదు. సెంటర్లో రీజనింగ్ సార్ అని ఎవరినైనా అడిగితే వేలు చూపేది ఆ బ్యాచ్ చెప్పేవాళ్లనే. ఇన్నేళ్లూ ఆ వేలు ఆనందం సారు వైపే తిరిగింది. అది పోతే తను ఎవరు?

అప్పుడాయన చేయకూడని పని చేశాడు. డెమోకి ముందు రోజు కింద ఛాయ్ బండి దగ్గర, షాద్‌నగర్ నుంచి వచ్చే అఖిల అన్న పిల్లా ఇంకో ఇద్దరూ నిలబడి ఉంటే, అడగకుండానే అన్నాడు. "మీ శిరీష మేడం కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు తప్పింది, తెలుసా? ఊకె అంటున్న. మంచి పిల్లే, పాపం." ఆ 'పాపం' అన్న మాటను చక్కెర వేసినట్టు చివర్న కలిపాడు. అప్పటికి చేతిలో ఛాయ్ చల్లారిపోయింది. అయినా తాగేశాడు.

మర్నాడు పొద్దున ముందు ఆయన డెమో. బాగానే చెప్పాడు గాని పిల్లల్ని చూసి చెప్పలేదు, తలుపు దగ్గర నిలబడ్డ జగదీశ్‌ని చూసి చెప్పాడు. చివర్న రొమ్ము విరుచుకుని, "నా దగ్గర చదివినోళ్లు అందరు పాసయిన్రు. అందరు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. మళ్లీ అదే మర్యాద.

తర్వాత శిరీష వచ్చింది. ఆనందం సారు వెనక బెంచీలో కూర్చున్నాడు. పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు, ఒక్క తప్పు దొరికితే చాలని. ఇంతకాలం గోడ అవతల ఉన్న మాటలు ఆ రోజు మొదటిసారి నేరుగా విన్నాడు. తప్పేమీ దొరకలేదు. దొరకనికొద్దీ పెన్ను మూత పెట్టడం, మళ్లీ తీయడం.

అప్పుడు అఖిల లేచింది. "మేడం, ఏమనుకోకుండ్రి. మీరే రెండుసార్లు పరీక్ష ఫెయిలయిన్రంట గదా. మరి మాకెట్ల చెప్తరు?"

ఆనందం సారు కిటికీలోంచి బేకరీ రేకుల వైపు చూశాడు. కావాలనుకున్నదే జరిగింది గదా, సంతోషం రావాలి. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

శిరీష కాసేపు మార్కరుని అటూ ఇటూ తిప్పింది. "అవును, ఫెయిలయిన" అంది. "మంచిగ అడిగినవ్, కూసో. ఇప్పుడు చూద్దాం. పొద్దున సార్ ఏమన్నడు? నా దగ్గర చదివినోళ్లు అందరు పాసయిన్రు అన్నడు. నేను సార్ దగ్గర్నే చదివిన. నేను పాస్ కాలే. ఇగ సార్ మాట ఏమైనట్టు?"

"అబద్ధం!" అన్నారు పిల్లలు.

"ఎంతమంది కావాల్సొచ్చింది అది అబద్ధం చేయనీకి?"

"ఒక్కరు!"

వెనక బెంచీలో ఆనందం సారుకి తల మీద ఎవరో మొట్టినట్టయింది. తను ఛాయ్ బండి దగ్గర ఆమె మీదికి విసిరింది తిరిగొచ్చి తన మాటకే తగిలింది. శిరీష బోర్డు వైపు తిరిగి రాస్తూ, తాపీగా అంది. "అందరు పాసయిన్రు అన్నది అబద్ధం. అయితే ఆనందం సార్ దగ్గర చదివినోళ్లు ఎవ్వరు పాస్ కాలే అన్నది నిజమైనట్టు. అవునా?"

"అవును మేడం!" పెన్నులు కదిలాయి. అందరూ రాసుకున్నారు.

"కాదు!"

బెంచీ వెనక్కి తోసుకుని లేచాడు ఆనందం సారు. కోపంతో గొంతు బొంగురుపోయింది. "ఎట్లయితది? ఎవ్వరు పాస్ కాలేదని ఎట్లంటవ్? అందరు అన్నది అబద్ధమైతే, కొందరు కాలేదన్నదే నిజం. అంతే తేలతది! చందు కాలేదా రైల్వేల? ఐలయ్య కొడుకు సెక్యూరిటీల చేస్తలేడా? ఒక్కడు పాసయినా నీ ఎవ్వరు అన్నది గూడ అబద్ధమే. అందరు అన్నదీ అబద్ధమైతది, ఎవ్వరు అన్నదీ అబద్ధమైతది, రెండు ఒక్కపారే! ఇంత పాఠం చెప్తూ గింత కూడా తెల్వదా నీకు?"

మాట్లాడుతూనే బెంచీల మధ్య నుంచి బోర్డు దాకా నడిచొచ్చేశాడు. వేలు ఆమె మొహం మీదికి చూపిస్తున్నాడు. దొరికింది, ఏడాదిగా వెతుకుతున్న తప్పు దొరికింది. జగదీశ్ కూడా విన్నాడు. ఇక ఈ బ్యాచ్ ఎక్కడికీ పోదు.

శిరీష మార్కరు పక్కన పెట్టింది. బల్ల మీద ఉన్న సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. తీసింది ఒక చాక్‌పీసు. తెల్లగా, పొడుగ్గా, విరగకుండా ఉంది. చాక్‌పీసుతో ఏ పనీ లేని ఆ గదిలో, దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకున్నరు సార్" అంది. "మీరొక్కరే పట్టుకున్నరు."

ఆయనకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎన్నేళ్లుగానో తను వేసిన వలలో, తనే వచ్చి పడ్డాడు. అప్పుడే నెత్తి మీద విమానం దిగుతూ గది అద్దాలు గడగడలాడించింది. శిరీష మాట ఆపి, చెయ్యి గాలిలో అలాగే ఉంచి నిలబడింది. పిల్లలు పెన్నులు ఎత్తి పట్టుకున్నారు. వాళ్లకి అలవాటేనన్నమాట.

ఒక్కటంటే ఒక్కటి లేదని యేసుమణితో అన్నాడు గదా. ఆ మాట అబద్ధం చేయడానికి ఒక్కటి చాలు. ఇక్కడ ఒకటి చేతిలో ఉంది, ఒకటి గాలిలో ఉంది.

విమానం దాటిపోయాక శిరీష పిల్లల వైపు తిరిగింది. "గిట్ల తప్పు చెప్పి చూసుడు నాకు సారే నేర్పిండు. మీరందరు రాసుకున్నరు, ఇగ కొట్టేయుండ్రి." తర్వాత ఆయనతో, "కూసోండి సార్. ముందట బెంచీల జాగ ఉన్నది" అంది.

ఆయన కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు? అఖిల పక్కకు జరిగి చోటిచ్చింది. ఈసారి ఆ జరగడంలో మర్యాద కాస్త తక్కువగానే ఉంది, నవ్వు ఆపుకుంటోంది.

పొద్దుటి బ్యాచ్ శిరీషకే వెళ్లింది. ఆనందం సారుకి సాయంత్రం బ్యాచ్ మిగిలింది. మెట్ల దగ్గర ఆమె ఎదురైనప్పుడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "ఛాయ్ బండి కాడ మీరే చెప్పిన్రని తెలుసు సార్" అంది ఆమె నెమ్మదిగా. "బాధయింది. గని మంచి ఉదాహరణ దొరికింది." ఆ మాట ముల్లులా దిగింది. దిగాల్సిందే.

ఇంటికొచ్చి చాక్‌పీసుని కుట్టు మిషన్ మీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. యేసుమణి కడుపుబ్బ నవ్వింది. నవ్వి నవ్వి, ఆ చాక్‌పీసుతోనే బ్లౌజు గుడ్డ మీద గీత పెట్టబోతే, లాక్కుని జేబులో వేసుకున్నాడు.

"అయితే ఆ పిల్ల మీద కుళ్లు పోయినట్టేనా?" అని అడిగింది.

"కొంత పోయింది."

"అంటే కొంత ఉన్నట్టేగా?"

"ఉన్నదని నేననలే" అన్నాడు ఆనందం సారు. "చూసినకాడికి పోయింది."

యేసుమణి మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. "అయితే పోయి నీ బస్సుల ఆ వెనక సీట్లోళ్లను గూడ అడుగు" అంది.